బండి ఈల

జయప్రకాశ్ కొన్నది సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు. టర్బో ఇంజను.

పేరుకే టర్బో. ఎత్తు ఎక్కాలంటే ఈల వేస్తుంది, నల్లపొగ కక్కుతుంది, నత్తతో పందెం వేస్తుంది.

పామాయిల్ తోట పనిమీద అశ్వారావుపేట నుంచి భద్రాచలం వెళ్లినప్పుడల్లా, ములకలపల్లి దాటాక అడవి మలుపులో ఒక ముసలాయన ఎదురయ్యేవాడు. చూపు సరిగా ఆనదు. అయినా కర్రతో రోడ్డుమీది పశువులను పక్కకు తోలి, కారుకేసి చెయ్యి ఊపేవాడు.

"లిఫ్ట్ కోసం వేషాలు," అనుకుని జయప్రకాశ్ ఆపేవాడు కాదు.

ఒకసారి ఆ మలుపులోనే కారు మొరాయించింది. ముసలాయన వచ్చి బానెట్ తడిమాడు.

"మంచిగున్నవా బిడ్డా? తిన్నవా?"

"నా తిండి సంగతి నీకెందుకయ్యా? చెయ్యి తియ్యి."

ముసలాయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"సారున్నడా? సరే, పోయిరా బిడ్డా," అని గొణిగాడు.

పిచ్చివాడనుకున్నాడు జయప్రకాశ్.

ఎలాగోలా కారును భద్రాచలం చేర్చాక మెకానిక్ రవికుమార్ బానెట్ ఎత్తి చూశాడు.

"టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే పైపు చిట్లింది సార్. గాలంతా ఈలేసుకుంట బయటికి పోతుంటే పుల్లింగ్ ఎక్కణ్ణుంచి వస్తది?"

పైపు మార్చాడు. తిరుగుదారిలో కారు చప్పుడు లేకుండా ఎత్తు ఎక్కేసింది. ముసలాయన కనిపించలేదు.

పీడ విరగడైందనుకున్నాడు.

నెల తర్వాత అదే మలుపు. రోడ్డు నిండా పశువులు. బ్రేకు తొక్కితే ఒక ఆవుకు అడుగు దూరంలో కారు ఆగింది. ఇన్నాళ్లూ తనకు దారి ఎవరిచ్చారో అప్పుడు తెలిసింది.

పక్కన ఇప్పచెట్టు కింద కొత్తగా పాతిన నిలువురాయి. పోయినవాళ్ల కోసం ఆ ఊళ్లలో పాతే రాయి.

మలుపు దాటాక టీకొట్టు నడిపే ముత్తక్క దగ్గర కారు ఆపాడు.

"ఆ ముసలాయన పోయాడా?"

"గంగయ్యా? ఉన్నడు సారూ. ఇల్లు కదుల్తలేడు. ఆ రాయి ఆయన కొడుకు వీరబాబుది."

"అయ్యో! ఎప్పుడు?"

"జొరమొచ్చి దవాఖానల పోయిండు. ఏడాదైంది. మేం చెప్తే నమ్మితేనా? 'ఈల వినవడుతనే ఉంది, నా కొడుకు పోయిండంటరేంది' అని మా మీదికే లేచేటోడు."

"ఏం ఈల?"

ముత్తక్క కారు వైపు చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మీకంటే ముందు పాత సారు దగ్గర ఈ బండి డ్రైవరు ఆ పిల్లగాడే సారూ. మొన్న ఈల బందైనంక ముసలాయనే అన్నడు, 'ఇగ రాయి పాతుండ్రి' అని."