అత్యవసరానికి అనుమతి

తాళం తిప్పాడు. కారు ఉలకలేదు, పలకలేదు. స్టీరింగ్ వెనక ఎర్ర అక్షరాలు మాత్రం వెలిగాయి: "వాయిదా బాకీ. ఫైనాన్స్ కంపెనీని సంప్రదించండి."

కంగారుతో కూతురికి కడుపులో తిప్పిందని ఊరవతల రోడ్డు పక్కన కారు ఆపడమే ఆయన చేసిన పాపం. ఇప్పుడా పిల్ల హాల్ టికెట్ చేత్తో పట్టుకుని కనపడ్డ ప్రతి లారీకీ చెయ్యెత్తుతోంది. ఒక్కడూ ఆపడం లేదు. పదింటికి పరీక్ష హాలు గేటు మూసేస్తారు. ఏడాది చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

ఆయన కంపెనీకి ఫోను చేసి, లారీల హోరులో గొంతు చించుకుని సంగతి చెప్పాడు.

"లోను మీ ఆవిడ గారి పేరు మీద ఉందండీ. ఈ నెల వాయిదా రాలేదండీ," అంది అవతలి అమ్మాయి, తేనె పూసిన గొంతుతో.

"బ్యాంకు మార్చామమ్మా, అందుకే కట్ కాలేదు. సాయంత్రానికల్లా కట్టేస్తాం. ముందు కారు ఆన్ చెయ్యి."

"మీకు కలిగిన అసౌకర్యానికి..."

"చింతిస్తున్నాం, మీ సహనానికి ధన్యవాదాలు! తెలుసు తల్లీ!" పళ్ళు నూరాడు. "అత్యవసరమైతే అడగ్గానే ఆన్ చెయ్యాలని కొత్త చట్టం ఉందా, లేదా?"

"ఉందండీ. కానీ అది అత్యవసరమో కాదో మా మేనేజర్ గారు తేల్చాలండీ. ఆయన తన సీట్లో కూర్చుని మెషీన్ మీద వేలు పెడితేనే మీ కారు కదులుతుందండీ."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. జనం కోసం చేసిన చట్టానికి కంపెనీ తెలివిగా గొళ్ళెం పెట్టింది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇంకెవరి వేలూ పనికిరాదా?"

"రాదండీ. ఆ పద్ధతి పెట్టిందే ఆయన. కస్టమర్లు ఎంత మొత్తుకున్నా కరగొద్దని మాకు మరీ మరీ చెప్పించారండీ."

ఆయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"నాన్నా, టైమైపోతోంది!" బయటి నుంచి కూతురు కేకేసింది.

"సార్, లైన్లో ఉన్నారా?" అంది అమ్మాయి. "రేపు చేసి చూడండి సార్. ఇవాళ వాళ్ళమ్మాయికేదో పరీక్షట, దగ్గరుండి దింపాలని మేనేజర్ గారు సెలవు పెట్టారండీ."