అటక మీది యాంటెన్నా

"నాన్నా, నిచ్చెన గట్టిగా పట్టుకోమని చెప్పు వాడికి," అన్నాడు కర్టిస్, అన్న ముఖం వైపు చూడకుండా.

"ఎప్పుడో పట్టుకున్నానని చెప్పు నాన్నా వాడికి," అన్నాడు వెండెల్ గోడకేసి చూస్తూ.

హాల్లో టీవీకి ఎదురుగా వేసిన మంచం మీంచి ముసలాయన, "ఇద్దరికీ వినపడిందిలే. కానివ్వండి," అన్నాడు. ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చింది ఆయనకి.

పాలపశువుల్ని అమ్మేసిన దగ్గర్నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఒకడు వచ్చే వేళకి ఇంకొకడు తప్పుకునేవాడు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో తండ్రే. కానీ మొన్నటి గాలికి కప్పు మీది యాంటెన్నా విరిగిపోయింది. ఈ ఆదివారం టీవీలో ఫుట్‌బాల్ ఆట చూడాలని తండ్రి పట్టుబట్టాడు. వచ్చే ఆదివారం దాకా ఉంటాడన్న మాట ఆయన్ని చూసుకునే నర్సు ఎత్తనే లేదు. కొత్త యాంటెన్నా అటక మీద కట్టాలంటే పైన తిప్పడానికి ఒకడు, కింద బొమ్మ చూసి చెప్పడానికి ఒకడు ఉండి తీరాలి. చచ్చినట్టు ఇద్దరూ వచ్చారు.

కర్టిస్ అటక మీద వంగి, దూలం తర్వాత దూలం చూసుకుంటూ అడుగులేశాడు. తప్పటడుగు పడితే కాలు సీలింగులోంచి హాల్లోకి దిగుతుంది. చలికి కప్పు మేకుల కొసల మీద మంచు పేరుకుని ఉంది. యాంటెన్నాని వాసానికి తాడుతో వేలాడదీసి, "నాన్నా, ఎలా ఉందో చెప్పమను!" అని అరిచాడు.

"ఆటగాళ్ళ ముఖాలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయట. కుడికి తిప్పమంటున్నాడు నాన్న," వెండెల్ గొంతు.

"ఎవరి కుడి? నా కుడివైపా, ఆయన కుడివైపా? ఆమాత్రం తెలీదా అని అడుగు నాన్నా!"

"కొట్టం వైపు తిప్పమని చెప్పు నాన్నా ఆ తెలివైనోడికి!"

కర్టిస్ కొట్టం వైపు తిప్పాడు. కిందనుంచి ఒక్కసారిగా జనం హోరు వినిపించింది. ఆ వెంటనే ఆగిపోయింది.

"వచ్చిందా?"

కర్టిస్ దూలం మీద మోకాలేసి నిచ్చెన వైపు వంగాడు.

"వచ్చిందా అని అడుగుతున్నా!"

"లేదు." ఈసారి పలికాడు వెండెల్. "ఇంకా తిప్పు. చిమ్నీ వైపు వెళ్ళు. తల జాగ్రత్త, మేకులున్నాయి."

కర్టిస్ ఆగిపోయాడు. నాన్నని మధ్యలో పెట్టకుండా జాగ్రత్త అన్నది తననేనా? నమ్మబుద్ధి కాలేదు. తల వంచుకుని చిమ్నీ పక్కకి జరిగాడు.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం. అక్కడేగా చిన్నప్పుడు మనం సిగరెట్లు దాచింది?"

"నెమ్మదిగా అను. నాన్నకి వినపడుతుంది."

"పర్లేదు. ఆయన ఏమీ అనుకోడు."

కర్టిస్‌కి నవ్వొచ్చింది. "కాల్చింది నువ్వు, తన్నులు తిన్నది నేను."

"నా పేరు చెప్పలేదు కదరా నువ్వు. ఎంత అడిగినా చెప్పలేదు."

చేతులు లాగేస్తున్నా కర్టిస్‌కి హాయిగా అనిపించింది. కింద తండ్రి ఈ మాటలన్నీ వింటూ ఎంత సంబరపడుతుంటాడో అనుకున్నాడు. ఆయన కోరుకున్నది ఆట ఒక్కటే కాదేమో కూడాను. వెండెల్ ఇటంటే ఇటు, అటంటే అటు తిప్పాడు. మధ్యలో చెరువు మీద మంచు విరిగిన సంగతి వచ్చింది, అమ్మ చేసే బంగాళాదుంప సూప్ సంగతి వచ్చింది. బొమ్మ మాత్రం రాలేదంటాడు వెండెల్.

చివరికి కర్టిస్ యాంటెన్నాని మళ్ళీ మొదట్లోలాగే కొట్టం వైపు తిప్పి, తాడు బిగించేశాడు. "ఇంతకంటే నా వల్ల కాదు. దిగుతున్నా."

"వద్దురా, ఇంకొక్కసారి..."

అప్పటికే అతను నిచ్చెన మీద ఉన్నాడు.

హాల్లో టీవీ గొంతు నొక్కేసి ఉంది. తెర మీద ఆకుపచ్చ చొక్కాల ఆటగాళ్ళు పరుగెడుతున్నారు. ఎక్కడా ఒక్క ముక్క చెదరలేదు. తండ్రి తల తెర వైపే ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. వెండెల్ మంచం అంచున కూచుని, ఆయన చేతిని రెండు చేతుల్లోనూ పట్టుకుని ఉన్నాడు.

కర్టిస్ దగ్గరికొచ్చి తండ్రి నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఎప్పుడు?"

"నువ్వు మొదటిసారి కొట్టం వైపు తిప్పగానే బొమ్మ వచ్చింది. మనవాళ్ళు టచ్‌డౌన్ చేసి పాయింట్లు కొట్టారు. చూసి నవ్వాడు. ఆ నవ్వుతోనే..."

"మరి ఇంతసేపూ నన్నెందుకు పైన తిప్పించావ్?" అడిగాడు కర్టిస్.

వెండెల్ తలెత్తి తమ్ముడి కళ్ళలోకి చూశాడు.

"కిందికి దిగొచ్చాక, ఎవరితో చెప్పించి మాట్లాడతావురా నాతో?"