నాలుగో కంప్యూటర్

బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేవి మూడే కంప్యూటర్లు. యజమానితో పోట్లాడి ఆ మూడింటికీ చవకలో యాంటీవైరస్ కొనిపించింది గుమాస్తా ప్రసన్నకుమారి. రాత్రి మిషన్లు ఆగాక స్కాన్ పెడితే, జాబితాలో నాలుగు కనిపించాయి. నాలుగోదాని పేరు ‘స్టోర్’.

స్టోర్‌గదిలోని పాత కంప్యూటర్ వైర్లను ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి.

“పొద్దున చూసుకుందాం, పోదాం రామ్మా,” అన్నాడు వాచ్‌మన్ ఓబన్న.

“నా ఆఫీసు ఇడిసి నేనేల పోవాల?”

కీబోర్డుతో సహా ఆ పాత కంప్యూటర్‌ని తనే మోసుకెళ్లి, బయట రాతిపొడి బురదగుంటలో పడేసింది. బుడుంగున మునిగింది. తిరిగొచ్చి చూస్తే తెరమీద ఇంకా నాలుగే. ఖాళీ స్టోర్‌గదిలోంచి టకటకా టైపు కొడుతున్న చప్పుడు. ఓబన్న గేటు వైపు పరుగు తీశాడు.

ప్రసన్నకుమారి కుర్చీ లాక్కుని ఆ తలుపుకి ఎదురుగా కూర్చుంది.

“కొట్టప్పా, ఎంతసేపు కొడతావో. తెల్లార్లూ ఈడనే ఉంటా.”