మూడో చోటు

"ఆ మూడో చోటు కొట్టెయ్" అన్నాడు భర్త, పటం మీద వేలు పెట్టి. "మొదటి రెండూ నీ ఇష్టం. అక్కడికి మాత్రం వద్దు."

"కావాలంటే ఆ రెండూ కొట్టేసుకోండి. నేను వెళ్లాలనుకున్నదే మూడోదానికి" అంది భార్య.

వంటింటి బల్ల నిండా ఆమె వారం రోజుల కష్టం పరిచి ఉంది. బస్సుల వేళలు రాసుకున్న కాగితాలు, పెన్సిలు గీతలు పడ్డ పటం, ఒక పాత పురావస్తు సర్వే పుస్తకం. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి అట్టలు కట్టడం ఆమె పని. ఈ సర్వే పుస్తకాన్ని కుడుతూ కుడుతూనే చదివేసింది. వేల ఏళ్ల కిందటి మనుషులు నిలబెట్టిన రాళ్లు ఒక చోట, రాతి పలకల సమాధులు ఒక చోట, మూడో చోట ఒక కొండ గుహ. టికెట్టు కిటికీ, గైడు, టీ కొట్టు వంటివేవీ లేని చోట్లు. ఇద్దరికీ కలిసొచ్చిన సెలవు మూడు రోజులు.

"రాళ్లు చూడ్డానికి రెండు బస్సులు మారాలా? మన వీధి మలుపులో రోడ్డు కోసం ఇంత కుప్ప పోశారుగా. సాయంత్రం అలా నడిచెళ్లి తీరిగ్గా చూసొద్దాం" అన్నాడు. ఆయన ఇళ్లకు రంగులేసే పెయింటర్. మాట తప్పించాలనుకున్నప్పుడల్లా ఇలాంటిదేదో విసురుతాడు.

ఆమె నవ్వలేదు. "రెండో బస్సు దిగాక నాలుగు కిలోమీటర్లు నడవాలి. గుహ గేటు తాళంచెవి పక్క పొలం రైతు దగ్గరుంటుంది. ఫోన్ చేశాను కూడా. 'ఇక్కడికెవరూ రారమ్మా, మీకెందుకు?' అన్నాడాయన."

"చూశావా, ఆయనకే అర్థం కాలేదు."

"మీకూ కాలేదా?"

ఆయన పటం మడతపెట్టడం మొదలుపెట్టాడు. మడత ఎంతకీ సరిగ్గా పడలేదు. "ఆ పుస్తకం నేనూ చూశాను. అందుకే వద్దంటున్నాను."

ఆమె గుర్తు పెట్టుకున్న పేజీ తీసి ఆయన ముందుకు తోసింది. గుహ గోడ మీద ఎర్రమట్టిలో ముంచి అద్దిన చేతులు, పదో పన్నెండో. అన్నిటికంటే కింద ఒక చిన్న చెయ్యి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశారు. ఐదారేళ్ల బిడ్డది కావచ్చని కింద రాశారు.

"మన పిట్ట చెయ్యంతే ఉంది" అంది ఆమె. "నాకు స్కేలు కూడా అక్కర్లేదు."

ఆ ముద్దుపేరు ఆ ఇంట్లో వినబడి చాలా కాలమైంది. ఆయన తల దించుకున్నాడు.

ఐదేళ్ల పిట్ట ఒకరోజు తండ్రి ఎర్ర రంగు డబ్బాలో చెయ్యి ముంచి పడగ్గది గోడకి ఠప్పున కొట్టింది. "అడక్కుండానే మొదటి కోటు వేసేసింది దొంగపిల్ల!" అని ఆయన రోజంతా మురిసిపోయాడు. మరుసటేడు మాయదారి జ్వరం పిట్టని ఎత్తుకుపోయింది. తల్లి ఆ గోడ ముందే కూలబడిపోయింది. తిండి లేదు, నిద్ర లేదు. ఆమె అక్క వచ్చి పది రోజులు తన ఇంటికి తీసుకెళ్లింది. తిరిగొచ్చేసరికి గోడంతా తెల్లటి రంగు, దానికి అడ్డంగా బీరువా. అదీ గోడకి ఆనకుండా, జానెడు సందు వదిలి. ఆ సందులోకి తొంగిచూడటానికి ఆమెకి మనసొప్పలేదు. "గోడకి జరపండి, దుమ్ము పేరుకుంటోంది" అంటే మాత్రం ఆయన వినడు. రోజూ పనికెళ్లేముందు దానికి భుజం ఆనించి, ఎటో చూస్తూ కాసేపు నిలబడతాడు. "బీరువాకి కాపలా ఉద్యోగం కూడానా?" అని ఆమె విసుక్కుంటుంది. రెండేళ్లుగా విసుక్కోవడమే గాని, అడగాల్సింది అడగలేదు.

ఇప్పుడు అడిగేసింది.

"ఎన్ని వేల ఏళ్లో! వానలొచ్చాయి, గబ్బిలాలు కాపురం పెట్టాయి, మేకల మందలు తలదాచుకున్నాయి. ఒక్కరు కూడా ఆ చేతి జోలికి పోలేదు. వాళ్ల బిడ్డ కూడా కాదే! మీకు చేతులెలా వచ్చాయండీ?"

ఆయన మడతపడని పటాన్ని బల్ల మీద పెట్టేశాడు. "నువ్వు చచ్చిపోతావనుకున్నాను" అన్నాడు. "నెలలో ఇద్దర్ని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు."

ఆమెకి కోపం తగ్గలేదు, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. "నేను వెళ్తాను. మీరు రాకపోతే ఒక్కదాన్నే వెళ్తాను. దాని మీద చెయ్యి పెట్టి, కడుపారా ఏడ్చి వచ్చేస్తాను."

"ముట్టుకోకూడదు" అన్నాడు ఆయన వెంటనే. "చేతి చెమట తగిలితే రంగు పోతుంది."

"అంతా మీకే తెలుసు! అయితే చూస్తూ ఏడుస్తాను."

ఆయన లేచి పడగ్గదిలోకి వెళ్లాడు. అలిగాడనుకుని ఆమె బస్సు కాగితాలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకోసాగింది.

"ఇలా రా" అని లోపలినుంచి పిలుపు. "అటు చివర పట్టు. ఒక్కణ్ణి జరపలేను."

ఎందుకో తెలియకుండానే వెళ్లి పట్టింది. బీరువా కీచుమంటూ జరిగింది.

తెల్లటి గోడ మీద, బ్రష్షు జాగ్రత్తగా చుట్టూ తిరిగి వదిలేసిన చోట, ఐదు ఎర్రటి బుల్లి వేళ్లు. వాటి పక్కనే, తగిలీ తగలకుండా, రెండేళ్లుగా ఆ సందులోంచి రోజూ ఆనించిన ఒక పెద్ద చేతి మరక.