మంచు దీవిలో నల్లచుక్క

"ఈ నల్లచుక్కే నా కొడుకు" అంటూ సిద్దమ్మ పత్రికలోని ఫొటో మీద వేలు పెట్టింది.

మగ్గం పక్కన గడ్డిబొమ్మ సిద్ధంగా ఉంది. ఇల్లు విడిచిన మనిషి జాడ పన్నెండేళ్లయినా తెలియకపోతే బొమ్మకు కర్మ చేసి, భార్య గాజులు తీయించడం వాళ్లలో ఆచారం. అది జరిపించడానికే సిద్దమ్మ మరిది పుల్లయ్య వచ్చాడు.

బడి అయ్యవారు నరసింహ ఫొటోను వెలుతురులోకి తిప్పాడు. "ఇది దక్షిణ సముద్రంలో దీవమ్మా. మంచు పడినప్పుడు విమానంలోంచి తీసినారు. ఆ చుక్క బండో, సిరా మరకో."

"ఓడ పోయేది సముద్రంలోనే గదా. దీవిలో కాక యాడుంటాడు?"

"ఓడ మాట చెప్పింది నువ్వే వదినా" అన్నాడు పుల్లయ్య. "వానికి దుప్పటి ఇచ్చొస్తానని, వాడు పనిచేసే ముగ్గుపిండి రాయి గనికి పోయి, మద్రాసులో ఓడెక్కను పోయినాడని వచ్చి చెప్తివి. ఆపొద్దు నుంచి ఉత్తరం ముక్క లేదు."

పెళ్లయిన మూడో నెలలో మొగుడు గనికి పోయేనాటికి కోడలు గంగాదేవికి పదహారేళ్లు. ఇప్పుడామె ఫొటో మీదికి వంగి, చాలాసేపు చూసింది.

"తల ఒక పక్కకు వంచినాడత్తా. ఆయన నిలబడేది అట్లనే."

ఆ మాటకు సిద్దమ్మ గుండె చెరువైపోయింది. అయినా గొంతు తగ్గించలేదు.

"రష్యావోళ్లు పైకి వదిలిన చుక్క భూమి చుట్టూ తిరుగుతాండాదని మీరే చెప్తిరి అయ్యవారూ. రేపు దాంట్లోంచి గూడా ఫొటోలు తీస్తారంట గదా. అప్పుడు వాని ముఖం కనపడతాది. అందాకా ఆగండి."

"తీస్తారంటాండారు. ముఖం మాత్రం..." నరసింహ గంగాదేవిని చూసి ఆగిపోయాడు.

పుల్లయ్యా ఆమెనే చూశాడు. గడ్డిబొమ్మను చంకన పెట్టుకున్నాడు. "ఇంకొక ఏడాది చూస్తాం. ఈ గడ్డి ఎద్దన్నా తింటాదిలే."

అతను దాటి వెళ్లిన వాకిట్లో ముగ్గు లేదు. కొడుకు వచ్చేదాకా ముగ్గుపిండి ఇంట్లోకి రాకూడదని సిద్దమ్మ పంతం.

గంగాదేవి నూలుకు పెట్టే గంజితోనే ఫొటోను మగ్గం ఎదుట గోడకు అంటించింది.

"మంచు ఎట్లుంటాదత్తా?"

"ముగ్గుపిండి మాదిరి. ఒళ్లంతా కమ్ముకుంటాది. కనురెప్పల మీద గూడా."

"సల్లగా ఉంటాదా?"

"శానా సల్లగా ఉంటాదమ్మా."

"కప్పుకునేదానికి ఆయనకు ఏమన్నా ఉండాదో లేదో."

"ఉండాదిలే. నువ్వు నేసిన దుప్పటే."

గంగాదేవి మనసు కుదుటపడింది. మగ్గంలో కూర్చుని నేత మొదలుపెట్టింది. నూలు కండెతో నాడె అటూ ఇటూ ఆడినప్పుడల్లా గాజులు గలగలమంటున్నాయి. ఆ చప్పుడు వింటూ సిద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆనాడు ఆ దుప్పటిలో చుట్టే కొడుకును గని పక్కన మట్టి చేసి వచ్చింది.