పదిహేను వేల మంచం

"అత్తా, దోమ కుట్టినా చెయ్యి లేపొద్దు. నోరు తెరవొద్దు. ఈ ఒక్క పూట ఓర్చుకో" అన్నాడు సురేంద్ర, చెన్నమ్మకు మెడదాకా దుప్పటి కప్పుతూ.

"ఆకలైతే?"

"మంచం పట్టిన దానికి ఆకలేంది?"

డెబ్బై రెండేండ్ల చెన్నమ్మ అతనికి మేనత్త. మొగుడు లేడు, బిడ్డల్లేరు. పొద్దున్నే లేచి రెండు బిందెల నీళ్లు మోసుకొచ్చే మనిషి. కాయితాల్లో మాత్రం మంచంలోంచి లేవలేని మనిషి. అట్లాంటోళ్లకు నెలకు పదిహేను వేలు పెన్షన్ వస్తాదని తెలిసి, సురేంద్ర ఒక బ్రోకర్‌ను పట్టి సర్టిఫికెట్ తెప్పించినాడు. తొమ్మిది నెలలుగా ఒకటో తేదీ వస్తే చెన్నమ్మ మంచమెక్కాల, వేలిముద్ర వేయాల. దుడ్లు మాత్రం సురేంద్ర జేబులోకి. ఆమెకు రెండు పూటలా సంగటి, అదీ ఆమె కెలుక్కుంటేనే.

ఆమె నాలుగెకరాల చేను అంతకు ముందే, పోయినేడు ఉగాది తర్వాత, అతని పేరు మీదికి మారింది. అప్పుడొచ్చే ముసలోళ్ల పెన్షన్‌కు "వేలిముద్ర మిషన్ చెడిపోయిందంట, ఆఫీసులోనే వేయాలంట" అని పామిడి రిజిస్ట్రార్ ఆఫీసుకు నడిపించుకొని పోయినాడు. చదువు రాని మనిషి. యాడ ఒత్తమంటే ఆడ ఒత్తింది.

ఇప్పుడు పెన్షన్లు చెకింగ్ చేస్తాండారు. ఊళ్లో దొంగ మంచాలన్నిటికీ చెమటలు పడతాండాయి. "ఈ పొద్దు అనంతపురం నుంచి మీ అత్తను చూసేదానికి ఒక మేడం వస్తాందంట" అని పక్కింటి లక్ష్మక్క చెప్పిన కాడి నుంచి సురేంద్ర నిలబడిన చోట నిలబడలేదు.

పదకొండు గంటలకు ఒకామె ఫైలు పట్టుకొని స్కూటీ దిగింది.

"చెన్నమ్మ ఇల్లు ఇదేనా అన్నా? నా పేరు ఈశ్వరి. పెద్దామెను ఎట్ల చూసుకుంటాండారో, ఎంత ఖర్చవుతాదో రాసుకోవాల."

సురేంద్ర కుర్చీ తుడిచేసి, చల్లటి సోడా తెచ్చి ముందు పెట్టినాడు.

"తనంతట తాను లేస్తాదా?"

"యాడ లేస్తాది మేడం! తినిపించేది నేనే, కడిగేది నేనే. డైపర్లకే నెలకు మూడు వేలు."

దుప్పటి కొంచెం అదిరింది. సురేంద్ర మంచం కోడును కాలితో తన్నినాడు.

"మతి ఉందా?"

"నన్నే గుర్తుపట్టదు."

"ఎన్నాళ్ల నుంచి?"

ఎక్కువ చెప్తే ఎక్కువ జాలి పడతాదనుకున్నాడు. "మూడేండ్లయింది మేడం, కాలు కింద పెట్టి."

"జీతానికి ఒక మనిషిని పెట్టుకోకూడదా?"

"ఎందుకు మేడం, ఆ జీతమేదో నాకే ఇప్పించండి. సొంతోడు చూసినట్ల అవుతాదా?"

ఈశ్వరి నవ్వకుండా అదీ రాసుకునింది. "నువ్వు చెప్పిందంతా దీంట్లో ఉండాది. చదివి సంతకం పెట్టన్నా."

"చదివేదేముంది మేడం" అని సురేంద్ర రెండు చోట్ల గీకినాడు.

ఆమె ఆ కాయితం ఫైల్లో పెట్టి ఇంకో కాయితం తీసింది. రిజిస్ట్రేషన్ నకలు.

"నేను పెన్షన్ ఆఫీసు మనిషినని నీకు చెప్పలేదు కదన్నా. నేను లాయర్ని. మూడేండ్ల నుంచి కాలు కింద పెట్టని, మతి లేని మనిషి, పోయినేడు పామిడికొచ్చి ఇష్టపడి నీకు చేను రాసిచ్చిందని ఇందులో ఉండాది. ఎట్ల?"

సురేంద్ర రెండు చేతులూ అడ్డంగా ఊపినాడు. "అట్ల కాదు మేడం! నడుస్తాది! బిందెలు కూడా మోస్తాది!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

చెన్నమ్మ దుప్పటి తోసి లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంది. అతను తెచ్చిన సోడా తీసుకొని గటగటా తాగేసింది.

"మొన్న నువ్వు సంతకు పోయినప్పుడు నేనూ లక్ష్మక్కా బస్సెక్కి పోయి ఈ పాపను కలిసొచ్చినాంలేరా" అనింది మూతి తుడుచుకుంటూ. "నడుస్తానంటే పెన్షన్ దొంగవి, నడవనంటే చేను దొంగవి. స్టేషన్‌కు పోయేదానికి లక్ష్మక్క బయట ఆటో నిలిపింది. చెప్పు నాయనా, నేను నడిచి ఎక్కాల్నా, నువ్వు ఎత్తి కూర్చోబెడతావా?"