కొంగున తాళంచెవి

“తలుపుకు అడ్డం నిలబడకు. వెలుతురు రానియ్!”

నర్సు పుల్లమ్మ గద్దింపుకు జంపయ్య పక్కకు జరిగాడు గానీ గది వదల్లేదు. చాప మీద అతని భార్య మెలికలు తిరిగిపోతోంది. తొలి కాన్పు. నొప్పులు గడువుకు మూడు వారాల ముందే వచ్చాయి. రెండు రోజుల వానకు వాగు పొంగి, బూర్గంపాడు నుంచి రావాల్సిన జీపు అవతలి గట్టునే ఆగిపోయింది.

“అత్తా, వద్దు. ఈమె చేతుల పెడ్తవా నా పెండ్లాన్ని?” అన్నాడు జంపయ్య, పుల్లమ్మకు వినబడేలాగే.

“ఇంకెవరున్నరయ్యా ఈడ? ఆ చేతులకు అన్నీ ఎరుకే. నువ్వు పోయి నీళ్లు కాగబెట్టు” అంది భీమక్క.

పుల్లమ్మకు ఒళ్లు మండింది. ఎన్ని గూడేల్లో ఎందరు మగాళ్లు ఇలా అడ్డం తిరగలేదు! సర్కారు నర్సంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పట్టుకుపోయే మనిషని వీళ్ల భయం. బిడ్డ చేతికొచ్చాక మాత్రం తేనెసీసాలు పట్టుకుని వెంటపడతారు. ఆమెకు అదంతా అలవాటే.

ఆమె గుబులు వేరే ఉంది. పొద్దున బయల్దేరేటప్పటికి కూతురు కన్నమ్మ ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆరేళ్ల పిల్ల. తండ్రి లేడు, కనిపెట్టుకుని ఉండే దిక్కు లేదు. సగం మాత్ర మింగించి, గ్లాసుడు నీళ్లు పక్కన పెట్టి, బయట తాళం వేసి వచ్చింది. “జల్దీ రా అమ్మా” అని కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇంకా చెవిలోనే ఉంది. ఎంత పాపిష్టి తల్లి తను!

“భీమక్కా! నా సంచి ఏదే?”

భీమక్క మొహం పొయ్యి వైపు తిప్పుకుంది. “వాగు దాటంగ తడిసింది నర్సమ్మా. కొత్త బ్లేడు, దారం మరగబెడుతున్న.”

“తడిపినవా! నీకు బుద్ధి ఎప్పుడొస్తదే?”

తన వెంట గూడేలన్నీ తిరిగే మంత్రసాని భీమక్క. ఎంత తిట్టినా పకపకా నవ్వే మనిషి ఇవాళ ఎందుకో కళ్లు తుడుచుకుంది. అడిగే తీరిక పుల్లమ్మకు లేదు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. ఎంతసేపు నానాయో, చేతులన్నీ ముడతలు. మోకాళ్లు ఒక పట్టాన వంగలేదు, బురదలో నడక తక్కువా మరి! పైకి చూస్తే ఫ్యాను. గూడేనికి కరెంటు వచ్చిన సంగతి తనకు ఒక్కరన్నా చెప్పారా?

“అమ్మమ్మా!” అని కేక పెట్టింది చాప మీది పిల్ల.

అంత కంగారులోనూ పుల్లమ్మకు నవ్వొచ్చింది. “నొప్పులొస్తే అందరు అమ్మా అంటరు. నువ్వేంది పిల్లా, అమ్మమ్మను పిలుస్తున్నవ్? ఆమెనే పెంచిందా నిన్ను?”

“అవ్...” పిల్ల వెక్కింది.

“అయితే ఆమె పరువు తియ్యకు. నొప్పి రాంగనే గట్టిగ ముక్కు. ఊఁ, ముక్కు!”

తల బయటపడింది. పుల్లమ్మ వేలు మెడ కిందికి పోనిచ్చి చప్పున ఆగిపోయింది.

“ముక్కకు! ఆగు! నోటితోని గాలి వదులు!”

బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు తిరిగి ఉంది. చూసి భీమక్క గోడకు చేరగిలబడింది. “అయ్యో, నా తల్లీ...”

“ఏడుపు తర్వాత. దారం ఇయ్యి!”

ఒక చుట్టు మెల్లగా తల మీదుగా తప్పించింది. రెండోది రాలేదు, బిగుసుకుపోయి ఉంది. రెండు చోట్ల దారం బిగించి కట్టి, నడుమ బ్లేడు పెట్టింది. పొద్దున గ్లాసు పట్టుకుంటే వణికిన చెయ్యి ఇప్పుడు కొంచెం కూడా వణకలేదు. పేగు తెగింది.

“ఇప్పుడు ముక్కు, తల్లీ!”

బిడ్డ జారి చేతుల్లో పడింది. ఆడపిల్ల. నేరేడుపండు రంగులో ఉంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. జంపయ్య గడప మీద కూలబడ్డాడు. పుల్లమ్మ నోరు తుడిచింది, వీపు రుద్దింది, అరికాలి మీద వేలితో తట్టింది. ఆఖరికి తన నోటితోనే బుల్లి నోట్లోకి ఊపిరి ఊదింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

కెవ్వుమంది బిడ్డ.

భీమక్క బావురుమంది. జంపయ్య వచ్చి పుల్లమ్మ కాళ్లు పట్టుకున్నాడు. “తప్పయింది. తెల్వక అన్న.”

“లే లే, శానా చూసిన నీ అసోంటోళ్లను.” మావి కూడా పడేదాకా చూసి, పిల్లకు నెత్తురు ఆగిందని రూఢి చేసుకున్నాక గానీ ఆమె లేవలేదు. లేస్తూనే కొంగు తడుముకుంది. ముడి ఉంది. ముడిలో ఏమీ లేదు.

“తాళంచెవి! తాళంచెవి ఏడ పడ్డదే? నా బిడ్డ లోపల ఒక్కతే ఉన్నది భీమక్కా! జరంతోని ఉన్నది!”

గడప దాటి వానలోకి ఉరకబోయింది. భీమక్క పరుగెత్తుకొచ్చి ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

“తాళం తీసిన్రు నర్సమ్మా. పిల్లకు జరం తగ్గింది. మంచిగున్నది.”

“నిజంగ? నువ్వు చూసినవా?”

“అవ్, చూసిన.”

పుల్లమ్మ ఊపిరి పీల్చుకుంది. తర్వాత గొంతు తగ్గించి, దోషిలాగా అడిగింది. “గట్ల లోపలేసి వచ్చిన గద... నా మీద కోపంగ ఉన్నదా?”

భీమక్క ఆమె ముడతల చేతిని తన నెరుస్తున్న తల మీద పెట్టుకుంది. “లేదు. ఎన్నడు లేదు.”

“నీకెట్ల తెలుసే?”

“కన్నమ్మను నేనేనమ్మా.”